వార్డులో వస్తువులు పోకుండా: కొత్త నర్సులకు డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా

డ్యూటీలో చేరిన మొదటి నెలలో నేను పోగొట్టుకున్నవి ఇవి: ఒక కత్తెర, నీళ్ల సీసా రెండుసార్లు, కళ్లజోడు ఒక పూట, స్టెతస్కోప్ మూడు రోజులు. పెన్నులు ఎన్ని పోయాయో లెక్క పెట్టలేదు. ఇవి చాలనట్టు, వార్డు బీరువా తాళంచెవి జేబులో వేసుకుని రైలెక్కి ఇచ్ఛాపురం వెళ్లిపోయాను. ఆ కథ తర్వాత చెబుతాను.

నేను పుట్టింది పర్లాకిమిడిలో. అప్పట్లో ఇచ్ఛాపురంలో పిన్ని ఇంట్లో ఉండి, రోజూ రైల్లో బరంపురం వచ్చి పని చేసేదాన్ని. ఇప్పటికీ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల ఆసుపత్రుల్లో మన తెలుగువాళ్లు ఏటా కొత్తగా చేరుతూనే ఉన్నారు. పలాస, సోంపేట నుంచి వచ్చేవాళ్లు, గుణుపురం వాళ్లు, ఇక్కడే పుట్టి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడేవాళ్లు. సెలైన్ ఎక్కించడానికి నరంలో కాన్యులా గొట్టం పెట్టడం కాలేజీలో నేర్పుతారు. చేతిలో ఉన్న కత్తెర ఐదు నిమిషాల్లో ఎలా మాయమవుతుందో ఎవరూ నేర్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా, అసలు ఎలా పోతాయి

మతిమరుపు వల్ల పోతాయని అందరూ అంటారు. ఇంట్లో అమ్మ కూడా అదే అంటుంది. నా అనుభవంలో అది తప్పు. మరిచిపోవాలంటే ముందు గుర్తు పెట్టుకుని ఉండాలి కదా. వార్డులో మనం వస్తువు పెట్టిన సంగతి బుర్రకి అసలు చేరదు. చెయ్యి పెట్టేస్తుంది, అంతే.

ఇలా ఊహించుకోండి. 6వ బెడ్ దగ్గర బీపీ చూస్తున్నారు. "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని 9వ బెడ్ వాళ్లబ్బాయి కేకేశాడు. మీ చేతిలో స్టెతస్కోప్ ఉంది. చూపు 9 మీద, కాలు అటువైపు, చెయ్యి మాత్రం స్టెత్‌ని దగ్గరలో ఉన్న బల్ల మీద వదిలేసింది. ఆ క్షణంలో మీ ధ్యాసంతా సెలైన్ బాటిల్ మీదే ఉంది. గంట తర్వాత "ఎక్కడ పెట్టానబ్బా" అని ఎంత తలపట్టుకున్నా గుర్తు రాదు. గుర్తు రావడానికి లోపల ఏమీ లేదు.

కాబట్టి జ్ఞాపకశక్తి పెంచుకోవాలని బాదంపప్పులు నానబెట్టుకోనక్కర్లేదు. వస్తువు పోయేది పెట్టేటప్పుడే. జాగ్రత్త కూడా అక్కడే పడాలి.

1. ఇంట్లోనే సగం తగ్గించండి

వార్డుకి తేని వస్తువు వార్డులో పోదు. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం ఇంట్లోనే తీసిపెట్టండి. ఇది పోతాయన్న భయంతోనే చెప్పడం లేదు. ఉంగరం కింద సబ్బు సరిగా వెళ్లదు, తడి ఆరదు, క్రిములు అక్కడే ఉండిపోతాయి. వాచీ కావాలంటే యూనిఫాం మీద పిన్నుతో తగిలించుకునేది దొరుకుతుంది. నాడి చూడటానికి సెకన్ల ముల్లు ఉన్నదే కొనండి.

పెళ్లయినవాళ్లకి పుస్తెలతాడు తీయమని చెప్పను, చెప్పినా వినరు. యూనిఫాం లోపలికి వేసుకుని, వంగినప్పుడు బయటికి రాకుండా లోపల చిన్న పిన్నీసు పెట్టుకోండి. మెట్టెలకి బూట్ల లోపల ఏ ప్రమాదమూ లేదు, అవి భద్రం. అసలు సమస్య చెవిదిద్దుల మరలతో. మాస్కు తాడు లాగినప్పుడల్లా మర ఒక చుట్టు వదులవుతుంది. మాస్కు రోజంతా పెట్టుకునే వార్డుల్లో బంగారు దిద్దులు వద్దే వద్దు.

పర్సులో ఆ రోజుకి కావలసిన డబ్బు, ఒక కార్డు చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం వార్డుకి ఎప్పుడూ తేవద్దు. ఆఫీసులో అడిగితే జిరాక్సు ఇవ్వండి. ఒరిజినల్ చూపించాల్సిన రోజున చూపించి, అదే రోజు వెనక్కి తెచ్చుకోండి. "రేపు తీసుకుందాంలే" అన్న ఫైలు ఎన్ని బీరువాలు మారుతుందో చెప్పలేం.

టిఫిన్ బాక్సు గురించి ఒక్క మాట. దాన్ని మందుల ఫ్రిజ్‌లో పెట్టకండి. ఇన్సులిన్, వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మీ పెరుగన్నం కోసం తలుపు నాలుగుసార్లు తెరిస్తే ఆ చల్లదనం నిలవదు. పైగా తనిఖీకి వచ్చినవాళ్లు ముందు తెరిచేది ఆ ఫ్రిజ్జే.

2. ఒంటి మీద ప్రతి వస్తువుకీ ఒకే చోటు

డ్యూటీలో మనతో ఉండాల్సినవి ఆరే: పెన్ను, కత్తెర, స్టెత్, ఫోన్, ఐడీ కార్డు, తాళంచెవి. ఏది ఎక్కడ అన్నది మీ ఇష్టం, కానీ ఒకసారి పెట్టాక మార్చకండి. నావి చెబుతాను. కుడి జేబులో పెన్ను, కత్తెర. ఎడమ జేబులో ఫోన్ ఒక్కటే. తాళంచెవి నడుముకి పిన్నీసుతో, మీద యూనిఫాం. ఐడీ కార్డు మెడలో. స్టెత్ మెడలో, లేదంటే దాని కొక్కేనికి, మూడో చోటు లేదు.

పై జేబుని నమ్మవద్దు. పేషెంటుని పక్కకి తిప్పుతున్నప్పుడు, బెడ్‌పాన్ తీస్తున్నప్పుడు మనం నడుము దాకా వంగుతాం. పై జేబులో ఉన్నది నేరుగా కిందికి జారుతుంది. ఒక జూనియర్ ఫోన్ ఎందులో పడిందో రాయను గానీ, తీసాక కూడా ఆ పిల్ల దాన్ని మళ్లీ వాడలేదు. పై జేబులో క్లిప్పున్న పెన్ను తప్ప ఏదీ వద్దు.

యూనిఫాం జేబులు చిన్నవైతే నడుముకి కట్టుకునే పౌచ్ మంచిదే. గుడ్డది కాకుండా తుడిస్తే శుభ్రమయ్యేది తీసుకోండి. డ్యూటీ దిగాక ఫోన్‌ని, పౌచ్‌ని 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తో తుడవండి. ఆ ఫోన్‌నే ఇంటికెళ్లాక చంటిపిల్లాడి చేతికిస్తాం కదా.

జత యూనిఫాంలు మార్చిన రోజు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. నిన్నటి జేబులో ఉన్నవి నిన్నటి జేబుతోనే బకెట్లోకి వెళ్తాయి. ఉతికిన యూనిఫాం జేబు నుంచి ఇంకు మరక పోగొట్టడం గురించి వేరే వ్యాసం రాయొచ్చు.

3. పేరు, అది కూడా ఒడియాలో

స్టెత్ గొట్టానికి, కత్తెర పిడికి మైక్రోపోర్ ప్లాస్టర్ చుట్టి పేరు రాయడం అందరూ చేస్తారు. నాలుగు రోజుల్లో స్పిరిట్ తగిలి అక్షరాలు పోతాయి. రాసిన పేరు మీద పారదర్శకమైన సెలోటేపు ఒక చుట్టు వేయండి, నెలలు నిలుస్తుంది.

ఉత్త పేరు రాస్తే చాలదు. ఏ ఆసుపత్రిలోనైనా ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు సునీతలు ఉంటారు. పేరు, పక్కన వార్డు రాయండి. రాయడం తెలుగులో కాదు. మన దగ్గర అటెండెంట్లు, స్వీపర్లు, పేషెంటు వెంట వచ్చినవాళ్లలో చాలామంది చదవగలిగేది ఒడియా ఒక్కటే. నా స్టెత్ మూడు రోజులు ఊళ్లు తిరిగి వచ్చిందంటే దాని మీద తెలుగులో రాసుండటమే కారణం. దొరికినవాళ్లకి అది ఏదో గీతల్లా కనిపించింది. ఒడియా రాయడం రాకపోతే తోటి సిస్టర్ చేత రాయించుకోండి. రెండు అక్షరాలు నేర్చుకున్నట్టూ ఉంటుంది.

తాళంచెవి మీద మాత్రం పేరు, లాకర్ నంబరు రాయకండి. దొరికినవాడికి దారి చూపించినట్టే. దానికి రంగు దారమో, చిన్న గంటో కట్టండి. లాకర్‌కి మూడంకెల నంబర్ తాళం వేస్తే చెవి గొడవే ఉండదు. కాకపోతే కొన్నప్పుడు ఉండే 000 ని మార్చుకోండి. నవ్వకండి, మా లాకర్ గదిలో చాలాకాలం నాలుగు తాళాలు 000 తోనే ఉండేవి.

4. చేతిలోది కింద పెట్టే ముందు

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలకండి.

మా మావయ్య రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేశాడు. ఇంజిన్లో ఉన్న ఇద్దరూ సిగ్నల్ కనబడగానే దాని రంగుని ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. కళ్లతో చూస్తే చాలదా, నోటితో చెప్పడం ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "చూసింది జారిపోతుందే, చెప్పింది జారదు" అన్నాడు. వార్డులో చేరాక అర్థమైంది.

చేతిలోని వస్తువు దాని చోటు కాని చోట పెట్టాల్సి వస్తే, పెడుతూ పైకి చెప్పండి. "స్టెత్, 6వ బెడ్ బల్ల." "కత్తెర, డ్రెస్సింగ్ ట్రాలీ కింది అర." గట్టిగా అరవనక్కర్లేదు, మీ చెవికి వినబడితే చాలు. మొదటి రెండు రోజులు సిగ్గేస్తుంది. పేషెంట్లు మీకేదో అయిందనుకుంటారు. మూడో రోజు నుంచి ఎవరూ పట్టించుకోరు. ఒక ముసలాయన నాకు తోడుగా తనే చెప్పేవాడు: "సిస్టర్, మీ కత్తెర నా బల్ల మీదే ఉంది, రాసుకోండి."

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది: అసలు కింద పెట్టకపోవడం. ఎవరైనా పిలిస్తే చేతిలోది ముందు జేబులోకో మెడలోకో వెళ్లాలి, ఆ తర్వాతే అడుగు పడాలి. ఒక్క సెకను పని. పేషెంటు కుప్పకూలినప్పుడు ఇది కుదరదు, కుదరకూడదు కూడా. అప్పుడు స్టెత్ ఎక్కడ పడితే అక్కడ పడనివ్వండి. కానీ రోజు మొత్తం మీద మనల్ని పిలిచే పిలుపుల్లో అలాంటివి ఎన్ని? ఎక్కువ భాగం "సిస్టర్, డాక్టర్ గారు ఎప్పుడొస్తారు" అనేవే.

పెట్టకూడని చోట్లు కొన్నున్నాయి. పేషెంటు మంచం మీద, దిండు పక్కన ఏదీ పెట్టకండి. దుప్పటి మార్చేటప్పుడు అది దుప్పటితోనే చుట్టుకుపోయి లాండ్రీకి వెళ్తుంది. పేషెంటు బల్ల మీద వాళ్ల తువ్వాలు, వాళ్ల బిస్కెట్ల పక్కన కూడా వద్దు. నా స్టెత్ అలాగే వెళ్లింది. తెల్లవారి డిశ్చార్జి అయినవాళ్లు బల్ల మీదున్నవన్నీ తువ్వాల్లో మూటగట్టుకున్నారు, అందులో నాది కూడా. మూడో రోజు కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు బిస్కెట్ల కవర్లో పెట్టి తెచ్చిచ్చారు.

పేషెంటు వస్తువు మన జేబులో వేసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. "ఒక్క నిమిషం ఈ ఉంగరం పట్టుకోండి సిస్టర్" అంటారు, ఎక్స్‌రేకి వెళ్తూ. పట్టుకోకండి. వాళ్ల మనిషికి ఇప్పించండి. ఎవరూ లేకపోతే ఇంకొక సిస్టర్ ఎదురుగా కవర్లో వేసి, రిజిస్టర్లో రాసి, ఇద్దరూ సంతకం పెట్టి ఇన్‌చార్జ్‌కి అప్పగించండి. రాసేటప్పుడు "బంగారు ఉంగరం" అని కాదు, "పసుపు రంగు లోహపు ఉంగరం" అని రాయండి. అది బంగారమో కాదో తేల్చడం మన పని కాదు.

5. సింకు, థియేటర్, ఎంఆర్ఐ

ఇంట్లో తీయమన్నా తీయని ఉంగరం సింకు దగ్గర తీస్తారు. సబ్బుతో చేతులు కడగడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సమయం 40 నుంచి 60 సెకన్లు. ఆ నిమిషంలో ఎవరో ఒకరు పిలుస్తారు. ఉంగరం సబ్బు పెట్టె పక్కనే ఉండిపోతుంది, లేదా జాలీలోంచి లోపలికి పోతుంది. మళ్లీ చెబుతున్నాను, ఇంట్లోనే తీసేయండి.

ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లే రోజు ఒక చిన్న జిప్ సంచి పెట్టుకోండి. బట్టలు మార్చే గదిలో తీసేవన్నీ అందులో వేసి, ఆ సంచిని లాకర్లో పెట్టాలి. కొక్కేనికి తగిలించిన సల్వార్ జేబులో వదలకూడదు. ఆ కొక్కేనికి సాయంత్రానికి ఐదుగురి బట్టలు వేలాడతాయి.

పేషెంటుని ఎంఆర్ఐకి తీసుకెళ్లేటప్పుడు విషయం మారుతుంది. స్కాన్ జరగకపోయినా ఆ అయస్కాంతం ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. కత్తెర, తాళాలు, స్టెత్, తలపిన్నులు అక్కడ పోవు, ఎగిరిపోతాయి, మధ్యలో ఉన్న మనిషిని కొడతాయి. ఏటీఎం కార్డు నల్లగీత చెడిపోతుంది. గది బయట ఒక ట్రేలో అన్నీ తీసి పెట్టి, ఎన్ని పెట్టారో టెక్నీషియన్‌కి లెక్క చెప్పి లోపలికి వెళ్లండి. బయటికొచ్చాక ఆ లెక్కే అడుగుతారు.

6. పెన్ను అప్పు

రౌండ్స్‌లో డాక్టర్ గారు చెయ్యి చాపుతారు. చూడరు, చాపుతారంతే. మన పెన్ను ఆ చేతిలోకి వెళ్తుంది, సంతకం అవుతుంది, తెల్లకోటు జేబులోకి వెళ్తుంది. ఆయన కావాలని చేయరు. అడిగి వెనక్కి తీసుకునే ధైర్యం మొదటి ఏడాది మనకి ఉండదు.

దీనికి పాత సిస్టర్లు నాకు నేర్పిన ఉపాయం: అప్పు ఇవ్వడానికని ఒక మూతపెన్ను వేరేగా ఉంచుకోవడం. మూత మన దగ్గర పెట్టుకుని పెన్ను మాత్రమే ఇవ్వాలి. మూత లేని పెన్నుని ఎవరూ జేబులో పెట్టుకోరు, పెట్టుకుంటే కోటు మీద మరక వాళ్లకే బుద్ధి చెబుతుంది. మన సొంతపెన్ను నొక్కేది, అది బయటికి రాకూడదు.

7. డ్యూటీ దిగేముందు

తాళంచెవి కథ ఇక్కడిది. నైట్ డ్యూటీ అయింది, హ్యాండోవర్ ఇచ్చాను, పేషెంట్ల గురించి అంతా చెప్పాను. రైలుకి టైమైపోతోందని యూనిఫాం మీదే చున్నీ కప్పుకుని పరుగెత్తాను. ఇచ్ఛాపురంలో దిగి ఆటో డబ్బులకి జేబులో చెయ్యి పెడితే బీరువా చెవి తగిలింది. మార్ఫిన్ లాంటి మందులు రెండు తాళాల వెనక ఉంటాయి, వాటిలో ఒకటి నా చేతిలో ఉంది. అప్పటికే వార్డు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇల్లు చేరకుండానే మళ్లీ రైలెక్కి వెనక్కి వచ్చాను. ఆ రోజు తిన్న చివాట్లు ఇప్పటికీ అరగలేదు.

ఆ తర్వాత అలవాటు మార్చుకున్నాను. హ్యాండోవర్ అయ్యాక, యూనిఫాం విప్పకముందు, నర్సింగ్ స్టేషన్ దగ్గరే నిలబడి చేత్తో తడుముకుంటూ లెక్క పెడతాను. మెడ: ఐడీ, స్టెత్. కుడి: పెన్ను, కత్తెర. ఎడమ: ఫోన్. నడుము: నా తాళం. అప్పు పెన్ను కాక ఆరు ఉండాలి. ఐదున్నా తప్పే, ఏడున్నా తప్పే. ఏడోది వార్డు థర్మామీటరో, తాళమో, పేషెంటు చీటీయో అయి ఉంటుంది. చూస్తే సరిపోదు, తాకాలి. నైట్ డ్యూటీ తర్వాత కళ్లు ఉన్నదాన్ని కాకుండా ఉండాలనుకున్నదాన్ని చూస్తాయి.

వార్డు తాళాలు చేతి నుంచి చేతికి ఇవ్వండి, బల్ల మీద పెట్టి "ఇదిగో అక్కా" అనకండి. ఇచ్చిన టైము రాసి, తీసుకున్నావిడ చేత సంతకం పెట్టించుకోండి.

రైల్లో ఏదైనా మరిచిపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి బండి పేరు, పెట్టె నంబరు చెప్పండి. రైల్వే పోలీసులు తీసి ఉంచిన సామాన్లు చాలామందికి తిరిగి దొరికాయి. నాకు టిఫిన్ క్యారేజీ దొరికింది, పప్పుతో సహా.

8. పోయిందని తెలిసాక

చేస్తున్న పని ముందు పూర్తి చేయండి. మందు సిరంజిలోకి తీస్తూ "నా ఫోనేదీ" అని ఆలోచిస్తే పోయేది ఫోన్ కాదు.

తర్వాత కేస్ షీట్లు తీయండి. మిగతా ఉద్యోగాల వాళ్లకి లేని సదుపాయం మనకుంది. మనం ఏ గంటకి ఎక్కడున్నామో మన చేత్తోనే రాసి ఉంటుంది. 10 గంటలకి 4వ బెడ్ ఇంజెక్షన్, 10:20కి 6వ బెడ్ బీపీ, 10:30కి 9వ బెడ్ సెలైన్ మార్పు. వస్తువుని చివరిసారి చూసింది ఎప్పుడని కాదు, వాడింది ఎప్పుడని అడగండి. బీపీ రాశారంటే 10:20కి స్టెత్ మీ దగ్గరుంది. తర్వాతి పని 9వ బెడ్. ఆ రెండింటి మధ్య దారిలోనే వెతకండి, వార్డంతా తిరగొద్దు.

వెతుకుతూ దాని పేరు పైకి అనుకోండి. ఇది చాదస్తం కాదు. 2012లో గ్యారీ లూప్యాన్, డేనియల్ స్వింగ్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, వెతికే వస్తువు పేరు పైకి పలికినవాళ్లకి అది త్వరగా కనిపించింది, ముఖ్యంగా ఆ పేరుకి తగ్గ రూపం మనసులో స్పష్టంగా ఉన్నప్పుడు.

నా అనుభవంలో ఎక్కువగా దొరికిన చోట్లు: బీపీ మిషన్ పెట్టె లోపల, ట్రాలీ కింది అర, రిజిస్టర్ పేజీల మధ్య, సెలైన్ స్టాండు కొక్కేనికి, స్టాఫ్ బాత్‌రూమ్ తలుపు వెనక. కళ్లజోడైతే ముందు నెత్తి తడుముకోండి. ఫోన్ సైలెంట్‌లో ఉంటే మోగదని ఊరుకోవద్దు. తోటివాళ్ల ఫోన్లోంచి మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లి మోగించే సదుపాయం వాడితే సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. వెతకడం అయ్యాక ఆ ఫోన్లోంచి మీ ఖాతా లాగౌట్ చేయండి.

9. చెత్త సంచిలో పడితే

పసుపు సంచిలో రక్తం అంటిన దూది, గుడ్డలు. ఎర్రదానిలో సెలైన్ గొట్టాలు, గ్లవ్స్. తెల్ల డబ్బాలో సూదులు. నీలంలో గాజు సీసాలు. ఏ రంగైనా సరే, చెయ్యి పెట్టకండి. సూది తెల్ల డబ్బాలోనే ఉండాలన్నది నియమం. అందరూ నియమం పాటిస్తే మనం ఇంత భయపడక్కర్లేదు. పది రూపాయల పెన్ను కోసం సూది గుచ్చుకుంటే, గాయం సబ్బునీళ్లతో కడగడం, రిపోర్టు, రక్తపరీక్షలు, 72 గంటల లోపే మొదలుపెట్టాల్సిన హెచ్ఐవీ నివారణ మందులు, తర్వాత నెలల తరబడి టెన్షన్.

పెన్నైతే వదిలేయండి. తాళమో, బంగారమో అయితే ఆ సంచిని ఎవరూ తీసుకెళ్లకుండా ఆపించి, ఇన్‌చార్జ్‌కి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌కి చెప్పండి. ఆలస్యం చేయకండి, సంచి మీద బార్‌కోడ్ పడి బండెక్కిందంటే ఇక దొరకదు.

10. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ఇది రాయడం నాకు కష్టం. నా స్టెత్ పోయిన మూడు రోజులు నేను మా వార్డు ఆయమ్మని అనుమానించాను. అందరూ ఆమెని మావుసీ అంటారు. నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ ఆమె నా బల్ల తుడుస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను, రెండుసార్లు. ఆమెకి అర్థమైంది. స్టెత్ బిస్కెట్ల కవర్లో తిరిగొచ్చిన రోజు ఆమె అక్కడే ఉంది, చూసింది, ఏమీ అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు నా బల్ల మాత్రం తుడవకుండా వెళ్లిపోయేది. నేను క్షమించమని అడిగేసరికి నెల పట్టింది.

వార్డులో ఏది పోయినా చూపులు ముందు వెళ్లేది అతి తక్కువ జీతం తీసుకునేవాళ్ల మీదికే. అడగండి, కానీ అందరినీ ఒకేలా అడగండి: డాక్టర్‌ని, తోటి సిస్టర్‌ని, స్వీపర్‌ని, అదే మాటతో. "ఎవరు తీశారు" అని కాదు, "నాది పోయింది, కనిపిస్తే చెప్పండి" అని. ఒడియాలో: "మో చాబి హొజిగొలా, పాయిలే కొహిబే." చాబి అంటే తాళంచెవి. కళ్లజోడుకి చొష్మా, కత్తెరకి కైంచి. ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి, కొత్తలో రోజుకి రెండుసార్లు పనికొస్తుంది. మన యాసకి నవ్వుతారు, నవ్వి వెతికిపెడతారు.

11. నిజంగానే పోయిందని తేలితే

ఫోన్ పోతే వరుస ముఖ్యం. ముందు సిమ్ కంపెనీకి ఫోన్ చేసి సిమ్ ఆపించండి. వెంటనే బ్యాంకుకి చెప్పి యూపీఐ, కార్డు ఆపించండి. డబ్బు అప్పటికే పోయుంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. తర్వాత పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్. ఆ రెండూ చేతికొచ్చాక సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఫోన్‌నే బ్లాక్ చేయించవచ్చు. ఆ నంబర్ ఫోన్ పోయాక తెలియదు కదా, ఇప్పుడే *#06# నొక్కి వచ్చిన అంకెలు ఇంట్లో డైరీలో రాసిపెట్టుకోండి.

ఫోన్ ఆంధ్రా వైపు పోయిందా, ఒడిశా వైపు పోయిందా అన్న ప్రశ్న మన సరిహద్దు వాళ్లకే వస్తుంది. దొంగతనమైతే "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి.

ఇంకొకటి, ఫోన్లో పేషెంట్ల కేస్ షీట్ల ఫొటోలు ఉంచుకోకండి. డాక్టర్ గారికి పంపమన్నారని తీస్తాం, తుడపడం మరుస్తాం. ఫోన్ పోయిన రోజు మన పరువుతో పాటు వాళ్ల రోగం కూడా బజార్లో పడుతుంది.

ఐడీ కార్డు పోతే అదే రోజు కాగితం మీద రాసి ఇన్‌చార్జ్‌కి ఇవ్వండి. దాన్ని మెడలో వేసుకుని ఎవరైనా వార్డులోకి నడిచి రావచ్చు. మీరు ఇచ్చిన కాగితం మీద తేదీ ఉంటే ఆ తర్వాత జరిగినదానికి మిమ్మల్ని అడగరు. ఆధార్ పోతే పెద్దగా దిగులు పడక్కర్లేదు, వెబ్‌సైట్ నుంచి మళ్లీ దించుకోవచ్చు, సందేహాలుంటే 1947కి ఫోన్ చేయండి.

ఇన్ని చేసినా వారం వారం పోతూనే ఉంటే, ఇంట్లో కూడా పాలు పొయ్యి మీద మరుస్తుంటే, నిద్ర సంగతి చూసుకోండి. నైట్ డ్యూటీ తర్వాత పగలు ఎన్ని గంటలు పడుకుంటున్నారో ఒక వారం రాయండి. నిద్ర సరిపోతున్నా అలాగే ఉంటే రక్తం, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. పక్కవాళ్లకి రోజూ రక్తం తీసే మనం మనది ఇవ్వడానికి ఏళ్లు తీసుకుంటాం.

దొరికినవాటికో డబ్బా

మీ వార్డులో లేకపోతే మీరే మొదలుపెట్టండి. గ్లవ్స్ వచ్చే ఖాళీ అట్టపెట్టె చాలు. మీద ఒడియాలో, తెలుగులో "దొరికినవి" అని రాసి నర్సింగ్ స్టేషన్‌లో అందరికీ కనిపించేచోట పెట్టండి. డబ్బు, బంగారం, ఫోన్లు అందులో వేయొద్దు, అవి రిజిస్టర్లో రాసి ఇన్‌చార్జ్‌కి ఇవ్వాలి. మా డబ్బాని ఇప్పుడు చూసేది మావుసీయే. ఇవాళ అందులో ఐదు పెన్నుమూతలు, ఒక తలపిన్ను, పేరు చెరిగిపోయిన కత్తెర, ఎవరిదో ఎడమ చెవి గిల్టు దిద్దు ఉన్నాయి. దిద్దు ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది. డబ్బా తుడిచిన ప్రతిసారీ మావుసీ దాన్ని పైకి తీసి అందరి చెవుల వంకా ఒకసారి చూసి మళ్లీ లోపల పెడుతుంది.